ఐ10లో ఫ్యూయల్ పంపు మోటారు ఇంటి దగ్గరే మార్చి చాలాకాలం నడిపాక

మా పాత హ్యుందాయ్ ఐ10 పెట్రోల్ కారుకి, ట్యాంకులోంచి ఇంజనుకి పెట్రోలు తోసే పంపు పాడైతే, పూర్తి పంపు అసెంబ్లీ (అన్ని భాగాలూ కలిపి వచ్చే సెట్టు) కొనలేదు. లోపలి మోటారు, దాని కింద పెట్రోలు వడగట్టే జాలీ, పంపు మూత కింది రబ్బరు రింగు మాత్రమే కొత్తవి వేశాం. వానలూ ఎండలూ దాటాక చెబుతున్నాను, ఆ పని నిలబడింది. ఖర్చు అసెంబ్లీ ధరలో మూడో వంతు కూడా కాలేదు. అయితే ట్యాంకు అడుగు శుభ్రం చేయకుండా మోటారు మారిస్తే మాత్రం అది డబ్బు దండగ. మన గోదావరి డెల్టాలో ఈ మోటార్లను తినేసేవి ట్యాంకులో చేరిన నీళ్లు, తుప్పు, ఎప్పుడూ రిజర్వులో తిప్పే అలవాటు. కొత్త మోటారైనా వాటి ముందు నిలవదు.

పంపు నీరసపడిన సంగతి కోనసీమలో ఆలస్యంగా బయటపడుతుంది, ఎందుకంటే ఊళ్లన్నీ చదును నేలే. చించినాడ వంతెనో, హైవే మీద సిద్ధాంతం వంతెనో ఎక్కేటప్పుడే ఇంజను పెట్రోలు గట్టిగా అడుగుతుంది. నలుగురు కూర్చుని ఏసీ వేసుకుని ఎక్కుతుంటే బండి లాగకుండా కుదుపులిస్తుంది. పొద్దున సెల్ఫ్ ఎక్కువసేపు కొడితే గానీ అందుకోదు. వెనక సీటు కింద సన్నగా ఈల మోత వస్తుంది. మండుటెండలో ఆగిపోయి, చల్లారాక మళ్లీ మామూలుగా స్టార్టవుతుంది. వీటిలో రెండు మూడు కలిసి కనిపిస్తే పంపును అనుమానించవచ్చు. వంతెన మీద లాగకపోవడం ఒక్కటే ఉంటే ముందు ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు, క్లచ్ చూసుకోండి.

కీ ఆన్ చేయగానే వెనక నుంచి ఓ రెండు సెకన్లు గుయ్‌మని వినిపించాలి. వినిపించకపోయినా అప్పుడే షాపుకి వెళ్లక్కర్లేదు. ఫ్యూజు చూసి, బాక్సులో అదే నంబరున్న మరో రిలే (కరెంటును కలిపి తెంపే చిన్న స్విచ్చు) తెచ్చి పెట్టి చూడండి. తర్వాత సీటు లేపి కప్లరు (పంపుకి వైర్లు తగిలించే ప్లగ్గు) దగ్గర మల్టీమీటరు పెట్టాలి. కప్లరు ఊడదీసి కొలిస్తే తుప్పు పట్టిన వైరు కూడా నిండుగా పన్నెండు వోల్టులు చూపిస్తుంది. కప్లరు తగిలించే ఉంచి, వెనక వైపు నుంచి పిన్నులు ఆనించి, మోటారు తిరుగుతుండగా కొలిస్తేనే నిజం తెలుస్తుంది. అదే సమయంలో బ్యాటరీ దగ్గర ఉన్న వోల్టేజీకీ దీనికీ తేడా ఒక వోల్టు దాటిందంటే తప్పు మోటారుది కాదు, వైరుదో ఎర్తుదో. అంతర్వేది, నరసాపురం వైపు ఉప్పుగాలికి, చెరువుగట్ల మీద తిరిగే బండ్లకి ఎర్తు దగ్గర పచ్చగా చిలుం పట్టడం మామూలే. కోతల రోజుల్లో సీటు కింద ఎలుకలు వైర్లు కొరుకుతాయి, అదీ చూడాలి.

ఇక నీళ్ల సంగతి. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. ఇథనాల్ కొంతవరకు నీటిని తనలో కలిపేసుకుంటుంది. అంతకు మించి నీళ్లు చేరితే అది నీటితో కలిసి పెట్రోలును వదిలేసి అడుగుకు దిగిపోతుంది. జాలీ ఉండేది కూడా సరిగ్గా అడుగునే, కాబట్టి పంపు ఆ పొరనే పీల్చుకుంటుంది. నెలల తరబడి కదలని బండి, వరదనీటిలో నిలబడిన బండి, మూత రబ్బరు పగిలిన బండి ఈ ముప్పుకి ముందుంటాయి. పంపు బయటికి తీశాక చేతిపంపుతో అడుగు పెట్రోలు ఒక గాజు సీసాలోకి తీసి కాసేపు కదపకుండా ఉంచండి, కింద వేరే పొర కనిపిస్తే ట్యాంకు మొత్తం ఖాళీ చేయాల్సిందే. నోటితో పీల్చడం వద్దు. తీసిన చెడు పెట్రోలు కాలవలోనో చెరువుగట్టునో పారబోయకండి. మూతున్న లోహపు డబ్బాలో పోసి షెడ్డువాళ్లకి ఇవ్వండి.

పని మొదలుపెట్టేటప్పటికి ట్యాంకులో పావు వంతుకన్నా తక్కువ ఉండాలి. ఐ10 ట్యాంకు 35 లీటర్లు. బండిని గాలాడే చోట ఆరుబయట పెట్టండి. తులసికోట దగ్గర దీపం, వంటింటి పొయ్యి, టేబుల్ ఫ్యాన్, సిగరెట్టు ఏవీ దరిదాపుల్లో ఉండకూడదు. పక్కన పొడి రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ పెట్టుకోండి. పంపు ఫ్యూజు తీసి, ఇంజను స్టార్టు చేసి దానంతటదే ఆగిపోయేదాకా వదిలితే పైపులో ప్రెషరు దిగుతుంది. అప్పుడు బ్యాటరీ నెగటివ్ తీయాలి.

సీటు కింది మూత తీశాక తొందరపడి లోపలికి వెళ్లకండి. అక్కడ పేరుకున్న మట్టిని బ్రష్షుతో, తడిగుడ్డతో పూర్తిగా తుడవాలి. లేకపోతే అదంతా ట్యాంకులో పడుతుంది. పైపు క్లిప్పు గట్టిగా ఉంటే ముందు పైపును లోపలికి నొక్కి, రెండు పక్కల బొడిపెలు అదిమి, అప్పుడు లాగితే వస్తుంది. స్క్రూడ్రైవరుతో ఎగదోస్తే ప్లాస్టిక్ విరుగుతుంది. పైన మరల రింగు ఉన్న రకమైతే చెక్కముక్క పెట్టి మెల్లగా తట్టి తిప్పాలి, ఇనుప ఉలి పెట్టకూడదు, నిప్పురవ్వ వస్తుంది. బోల్టుల రకమైతే బిగించేటప్పుడు ఎదురెదురుగా బిగించుకుంటూ రావాలి. పంపును నిటారుగా లాగేయకుండా పక్కకి వాల్చి తీస్తే, పెట్రోలు మట్టం చూపే ఫ్లోటు (తేలే బుడ్డి) కడ్డీ వంగదు. అది వంగితే గేజీ ఇక ఎప్పుడూ తప్పే చూపిస్తుంది.

జాలీని తెల్లటి గుడ్డ మీద పెట్టి వేలితో నొక్కి చూడండి. ఎర్రటి గరుకు వస్తే ట్యాంకు తుప్పు. నల్లటి మెత్తటి పొడి వస్తే మోటారు బ్రష్షులో, పైపు రబ్బరో అరిగిపోతోంది. జిగురుగా ఉంటే పాత పెట్రోలు. ఏది వచ్చినా జాలీని కడిగి వాడకండి, పెద్ద ఖరీదేం కాదు, కొత్తదే వేయండి.

మోటారు కొనేటప్పుడు పాతది చేతిలో పెట్టుకుని వ్యాసం, పొడవు, పైన పైపు ఎక్కే ముక్కు, కప్లరు సరిచూడండి. ఈ బండికి కావాల్సింది 3.5 బార్ దరిదాపు ప్రెషరు, కార్బురేటరు బండ్ల పంపు పనికిరాదు. వైర్లు తారుమారైతే మోటారు వెనక్కి తిరుగుతుంది, చప్పుడు వస్తుంది గానీ ప్రెషరు రాదు. లోపలి పైపు మార్చాల్సివస్తే పెట్రోల్లో మునిగి ఉండటానికే చేసిన పైపు, జే30ఆర్10 అని రాసి ఉన్నది అడగండి. మామూలు ఫ్యూయల్ పైపు మునిగితే పైపొర ఉబ్బి చిట్లుతుంది. ప్రెషరును అదుపులో ఉంచే రెగ్యులేటరు మీది చిన్న రబ్బరు రింగులు పాత దానిలోనే ఉండిపోకుండా చూసుకోండి, ఒక్కటి లేకపోయినా పొద్దున సెల్ఫ్ కష్టం అలాగే ఉంటుంది. మూత కింది పెద్ద రింగు ఒకసారి పెట్రోలు తాగి ఉబ్బాక గాడిలో కూర్చోదు. పాతదే నొక్కి బిగిస్తే మర్నాటికి బండి లోపలంతా పెట్రోలు వాసన.

అన్నీ బిగించాక స్టార్టు చేయకుండా కీ నాలుగైదుసార్లు ఆన్, ఆఫ్ చేసి, పైపు దగ్గర వేలు పెట్టి తడి ఉందేమో చూడండి. సీటు అప్పుడే బిగించకండి. ట్యాంకు నిండుగా కొట్టించి, ఒక మలుపులు తిరిగే రోడ్డు మీద తిప్పి వచ్చాక మళ్లీ చూడాలి. సగం ట్యాంకులో కనిపించని లీకు నిండినప్పుడు బయటపడుతుంది.

ఇంతకాలం వాడిన మీదట స్టార్టింగ్ మొదటి సెల్ఫ్‌కే. నిండు బరువుతో వంతెన ఎక్కినా కుదుపు లేదు. మోత మాత్రం కంపెనీ మోటారుకన్నా కొంచెం ఎక్కువ, పాటలు ఆపితే వినిపిస్తుంది, కానీ పెరగలేదు. పావు ట్యాంకు కిందికి రానివ్వడం లేదు, మోటారును చల్లబరిచేది చుట్టూ ఉన్న పెట్రోలే. గ్యాస్ కిట్ ఉన్నవాళ్లు దీన్ని మరీ గట్టిగా పట్టించుకోవాలి. కొన్ని కిట్లలో గ్యాస్ మీద నడిచేటప్పుడూ పెట్రోలు పంపు తిరుగుతూనే ఉంటుంది, ట్యాంకు ఖాళీగా ఉంటే అది కాలిపోతుంది. బ్రాకెట్టు ప్లాస్టిక్ పగిలినా, గేజీ పట్టాలు అరిగినా మోటారు ఒక్కటే వేయకండి, అసెంబ్లీయే కొనండి. సీటు కింద మూత లేని మోడళ్లలో ట్యాంకు దించాలి. అది జాకీ మీద ఇంటి దగ్గర చేసే పని కాదు, లిఫ్టు ఉన్న షెడ్డుకే తీసుకెళ్లండి.