మూడుసార్లు శాట్ రాశాక స్కోర్ ఛాయిస్ గురించి నా మాట

అమెరికా కాలేజీల్లో చేరడానికి రాసే శాట్ పరీక్షని ఏడాదిలో మూడుసార్లు రాశాను. రాసినవాటిలో ఏ తేదీ స్కోరు కాలేజీకి పంపాలో మనమే ఎంచుకునే సదుపాయమే స్కోర్ ఛాయిస్. మళ్ళీ రాయాలా వద్దా, రాస్తే ఏ స్కోరు పంపాలి అని తేల్చుకోలేక నిద్ర పాడుచేసుకుంటున్న వాళ్ళకి నా అనుభవం పనికొస్తుందని చెబుతున్నాను.

ముందు నా స్కోర్లు. మొదటిసారి రీడింగ్ అండ్ రైటింగ్‌లో 610, మ్యాథ్‌లో 720, మొత్తం 1330. రెండోసారి 680, 700, అంటే 1380. మూడోసారి 670, 710, మళ్ళీ అదే 1380. సూపర్‌స్కోర్ చేసే కాలేజీలు ఏ తేదీన రాసినా సరే, ఒక్కో సెక్షన్‌లో వచ్చిన పెద్ద మార్కు తీసుకుని కలుపుతాయి, కాబట్టి అక్కడ నా లెక్క 680, 720 కలిపి 1400. మూడో పరీక్ష దానికి ఏమీ చేర్చలేదు.

రెండోసారి పెరగడానికి కారణం ఎక్కువ చదవడం కాదు, పరీక్ష రాసే తీరు మార్చుకోవడం. డిజిటల్ శాట్‌లో ఒక్కో సెక్షన్‌కి రెండు మాడ్యూళ్ళు, మొదటిది ఎలా చేశామో చూసి రెండోది కష్టమైనది ఇవ్వాలో సులువైనది ఇవ్వాలో నిర్ణయమవుతుంది, సులువైనది వచ్చిందంటే ఎంత బాగా చేసినా స్కోరు ఒక హద్దు దాటి పైకి పోదు. రీడింగ్ మాడ్యూల్‌లో 27 ప్రశ్నలకి 32 నిమిషాలు. ప్యాసేజీలు చిన్నవే, అయినా నేను మొదట్లో వచ్చేవాటి దగ్గరే ఇరుక్కుపోయి, తర్వాత వచ్చే గ్రామర్ ప్రశ్నలు, అవి నాకు బాగా వచ్చినవే, హడావిడిగా పెట్టేశాను. రెండోసారి గ్రామర్ ముందు పూర్తిచేసి వెనక్కి వచ్చాను. పరీక్ష రాసే బ్లూబుక్ యాప్‌లో అదే మాడ్యూల్ లోపల ముందుకీ వెనక్కీ వెళ్ళనిస్తారు. ఈ ఒక్క అలవాటు కోసం ప్రాక్టీస్ టెస్టులు టైమ్ పెట్టుకుని మళ్ళీ మళ్ళీ చేశాను. మూడోసారికి మాత్రం కొత్తగా మార్చిందేమీ లేదు, స్నేహితులు రాస్తున్నారని రాశాను, సరిగ్గా అప్లికేషన్ వ్యాసాలు రాయాల్సిన వారాలు దానికి పోయాయి. దానికి ఇప్పటికీ బాధపడతాను.

ఇక స్కోర్ ఛాయిస్. మంచి సదుపాయమే, నాకు నచ్చింది, కానీ చాలామంది అనుకునేలా ఒక తేదీ నుంచి మ్యాథ్, ఇంకో తేదీ నుంచి రీడింగ్ ఏరి పంపడం కుదరదు. ఒక తేదీని ఎంచుకుంటే ఆ రోజు స్కోరు మొత్తం వెళ్తుంది. కలిపి చూసుకునే పని కాలేజీది. పైగా కాలేజీ నియమమే పైచేయి: జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయం రాసినవన్నీ పంపమంటుంది, అక్కడ ఎంచుకోవడం అనే మాటే లేదు. ఎంఐటీ ఒక్కో సెక్షన్‌లో మంచిది చూస్తుంది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం క్యాంపస్‌లు అడ్మిషన్‌కి శాట్ అసలు చూడవు.

నేను చేసిన పెద్ద పొరపాటు ఉచిత రిపోర్టుల దగ్గర. నాలుగు కాలేజీలకి స్కోరు రిపోర్టు ఉచితంగా పంపవచ్చు, కానీ ఆ గడువు పరీక్ష అయిన 9 రోజులకే ముగుస్తుంది, స్కోరేమో ఆ తర్వాత గానీ చేతికి రాదు. ఉచితం కదా అని మొదటిసారే నాలుగు పేర్లూ నింపేశాను. 1330 చూసుకునేసరికి చేయగలిగింది ఏమీ లేదు, అది వెళ్ళిపోయింది! ఎంచుకునే అవకాశం ఉంచుకోవాలంటే ఆ గడులు ఖాళీగా వదిలేయడమే మేలని నా అభిప్రాయం. చాలా కాలేజీలు అప్లికేషన్‌లో మనం సొంతంగా నింపిన స్కోరు తీసుకుని, సీటు వచ్చి చేరేటప్పుడే అధికారిక రిపోర్టు అడుగుతాయి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది.

చివరికి ఏ కాలేజీకి ఏ స్కోర్లు పంపాలో ఒక పట్టిక వేసుకుని ఇలా చేశాను: సూపర్‌స్కోర్ చేసే కాలేజీలకి మొదటి రెండు తేదీలు, ఒకే రోజు స్కోరు చూసేవాటికి రెండోది మాత్రమే, అన్నీ అడిగిన చోటికి మూడూ. ప్రతి కాలేజీ అడ్మిషన్ల పేజీ మనం అప్లై చేసే ఏడాదే చూడండి, ఎందుకంటే నియమాలు మారుతుంటాయి. కోవిడ్ సమయంలో శాట్ తప్పనిసరి కాదన్న ఎంఐటీ 2022లో మళ్ళీ తప్పనిసరి చేసింది. నేనైతే ఈ పట్టిక మూడో పరీక్షకి డబ్బు కట్టకముందే వేసుకుని ఉండాల్సింది.