చూపు లేని మా మేనత్తతో సాలార్‌జంగ్ మ్యూజియంలో ఒక పూట

హైదరాబాదులో స్థిరపడి చాలా ఏళ్లయింది కనుక సాలార్‌జంగ్ మ్యూజియానికి ఎన్నిసార్లు వెళ్లానో లెక్క చెప్పలేను. ఊరి నుంచి చుట్టాలు వచ్చినప్పుడల్లా ఉదయం చార్మినారు చూపించి, ఎండ ముదిరే వేళకు నయాపూల్ దగ్గరి ఈ మ్యూజియానికి తీసుకురావడం మా ఇంటి ఆనవాయితీ. అయినా దీన్ని గురించి రాయాలని ఇంతకాలం అనిపించలేదు. ఈసారి నా వెంట వచ్చింది మా మేనత్త. ఆమెది భూదాన్ పోచంపల్లి. చిన్ననాటి నుంచి చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట నూలును బిగించి కట్టి, పెళ్లయ్యాక మగ్గం మీద కూర్చుని చీరలు నేసిన మనిషి. గ్లకోమా అనే కంటి జబ్బు వల్ల ఆరేళ్ల కిందట చూపు పూర్తిగా పోయింది. "కండ్లు లేనిదాన్ని, ఆడికొచ్చి నేనేం జూస్త కొడుకా" అని ఆమె అడిగినప్పుడు నా దగ్గర సరైన జవాబు లేదు. అందుకే ఇన్నేళ్లూ అలవాటుగా చూసి వచ్చిన ఆ గదులను ఆ పూట ఆమె ప్రశ్నను మనసులో పెట్టుకుని తిరిగాను.

మూసీ దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో ఉన్న ఈ భవనంలోకి మ్యూజియం 1968లో వచ్చింది. అంతకుముందు అది నిజాముల దగ్గర దివాన్లుగా, అంటే ప్రధానమంత్రులుగా పనిచేసిన సాలార్‌జంగుల నివాసమైన దివాన్ దేవిడీలో ఉండేది. 1951 డిసెంబరు 16న నెహ్రూ ప్రారంభించింది అక్కడే. ఈ వస్తువుల్లో అత్యధిక భాగం మూడవ సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ సేకరించినవి. ఆయన 1912లో ఏడవ నిజాం కొలువులో దివాన్ పదవి చేపట్టి, 1914లో దాన్ని వదులుకుని, 1949లో కన్నుమూసే వరకు తన సంపదనూ సమయాన్నీ ఈ సేకరణకే వెచ్చించారు. పెళ్లి చేసుకోలేదు. వారసుల అంగీకారంతో ఆ సంపద ప్రజలదైంది, 1961లో పార్లమెంటు చట్టం ద్వారా జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు పొందింది. 46,000కు పైగా కళాఖండాలు, 8,000కు పైగా చేతిరాత ప్రతులు, 60,000కు పైగా అచ్చు పుస్తకాలు ఇక్కడ ఉన్నాయి. ఏ కాలానికో ఏ ప్రాంతానికో కట్టుబడి కూర్చిన సేకరణ కాదు కాబట్టి ఒక గదిలో చైనా పింగాణీ, మరో గదిలో దక్షిణాది కంచు విగ్రహాలు, ఇంకో గదిలో ఫ్రెంచి కుర్చీలు ఎదురవుతాయి. కొందరు దీన్ని లోపంగా చెబుతారు. నాకు మాత్రం నచ్చినదల్లా ఇంటికి తెచ్చుకున్న ఒక మనిషి లోగిట్లో తిరుగుతున్నట్టే ఉంటుంది, ఈ మ్యూజియం మీద నా ఇష్టానికి మూలం కూడా అదే.

మా అత్తయ్యకు మోకాళ్ల నొప్పులు కూడా ఉన్నాయి. వీల్‌చెయిరు, లిఫ్టు ఉండటంతో మెట్ల బెంగ తీరింది. మధ్యనున్న భారతీయ విభాగం, దానికి తోడుగా తూర్పు, పశ్చిమ భవనాలు, ఇన్నిటినీ ఒక్క రోజులో చూడాలనుకోవడం వృథా శ్రమ అని అనుభవం మీద చెబుతున్నాను. ఐదారు గదులు ఎంచుకుని, ఒక్కోచోట అరగంట నిలబడితే ఇంటికి వచ్చాక కూడా గుర్తుంటుంది.

మేము మొదట ఆగింది 'వెయిల్డ్ రెబెకా' దగ్గర. ఇటలీ శిల్పి జొవాన్ని మరియా బెంజోని చెక్కిన ఈ పాలరాతి బొమ్మను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. కాబోయే భర్తను తొలిసారి చూసి మేలిముసుగు వేసుకున్న బైబిల్ కథలోని వధువు ఈమె. ఎప్పుడు వెళ్లినా దీని చుట్టూ జనం మూగి ఉంటారు, ఫోటోలు తీసుకుని కదిలిపోతారు. ఆ రోజు నేను ఫోటో తీయలేదు, చెప్పాల్సి వచ్చింది. "ముసుగు కూడా రాయేనా?" అని అత్తయ్య అడిగింది. అవునన్నాను. "మరి మొఖం ఎట్ల కనబడుతది?" అంది. అప్పుడు మొదటిసారి ఆ శిల్పాన్ని నిజంగా చూశాను. నుదుటి దగ్గర ముసుగు మడతలు దగ్గరదగ్గరగా పడ్డాయి. ముక్కు మీదికి వచ్చేసరికి ఆ బట్ట బిగుతై, పెదవుల దగ్గర చర్మానికి అంటుకుపోయి, గడ్డం కింద మళ్లీ వదులైంది. తడిపిన మల్లు బట్టను ముఖం మీద పరిచినట్టుంది అని చెప్పాను. ఆమె తన పైటకొంగును ముఖం మీదికి లాక్కుని, రెండు వేళ్లతో ముక్కు వాలును, పెదవులను తడుముకుని, "ఇట్లనా?" అని అడిగింది. పక్కనున్న కాలేజీ అమ్మాయిలు ఇద్దరు తమ మాటలు ఆపి, మడతలు ఎటు వాలాయో, భుజం మీద బట్ట ఎలా జారిందో తామే ఆమెకు వివరించడం మొదలుపెట్టారు. నేత తెలిసిన మనిషి కాబట్టి ఆమె అడిగే ప్రశ్నలు మాలో ఎవరికీ తట్టనివి. పోగు సన్నమా దొడ్డా, అంచు ఉందా లేదా, కుచ్చులు ఎటువైపు పడ్డాయి అని అడుగుతూ పోయింది. అంచు కోసం ఆ అమ్మాయిలు బొమ్మ చుట్టూ తిరిగి చూసి వచ్చారు.

అక్కడికి దగ్గరలోనే, ఒకే దుంగలో ముందువైపు ఠీవిగా నిలిచిన మెఫిస్టోఫెలిస్ అనే దయ్యాన్ని, వెనకవైపు తల వంచుకున్న మార్గరెట్టా అనే అమ్మాయిని, అంటే జర్మన్ కవి గోథే 'ఫౌస్ట్' నాటకంలోని పాత్రలను చెక్కిన కర్ర బొమ్మ కూడా చాలామందికి ఇష్టం. వెనకనున్న అద్దంలో రెండో రూపం కనబడుతుంది. అది పూర్తిగా చూపు మీద ఆధారపడిన చమత్కారం కనుక మేము ఎక్కువసేపు ఆగలేదు.

నల్లని లోహం మీద వెండి పొదిగిన బిద్రీ సామాను ఉన్న గదికి వెళ్లేటప్పుడు నేనొక పని చేశాను, అది ఇతరులకూ ఉపయోగపడుతుందని నా నమ్మకం. మా ఇంట్లో ఉన్న చిన్న బిద్రీ డబ్బాను సంచిలో వేసుకుని వెళ్లాను. గాజు వెనక ఉన్న హుక్కా కుదుళ్లను, పాందాన్లను నేను వర్ణిస్తుంటే ఆమె ఒడిలో ఆ డబ్బా పెట్టుకుని, వెండి తీగ పొదిగిన చోట వేలికొన ఆనించి వింటూ కూర్చుంది. జింకులో కొద్దిగా రాగి కలిపి పోత పోస్తారు. దాని మీద ఉలితో గాడి తీసి వెండిని కొట్టి కూర్చుతారు. చివరకు బీదరు పాత కోటలోని మట్టి కలిపిన ద్రావణం పట్టిస్తే లోహమంతా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగానే మిగులుతుంది. ఇదంతా చెప్పగానే ఆమె, "మేం చిటికి కట్టినట్టే. కట్టినకాడ రంగు అంటదు" అంది. వెండికి నలుపు అంటకపోవడానికీ, కట్టిన నూలుకు రంగు అంటకపోవడానికీ కారణాలు వేరు కావచ్చు. కానీ ఎన్నోసార్లు ఆ గది దాటి వెళ్లిన నాకు ఏనాడూ తోచని పోలిక అది.

శిల్పాల గదిలో నేలకొండపల్లి నుంచి వచ్చిన బుద్ధ విగ్రహం ఉంది. సున్నపురాతిలో చెక్కిన, నిలబడి ఉన్న బుద్ధుడు. మన ఖమ్మం జిల్లాది కాబట్టి ఇక్కడ ఒక్క నిమిషమైనా ఆగమని తెలుగువారందరినీ కోరుతున్నాను, ఎందుకంటే యూరోపు పాలరాళ్ల వైపు ఉరకలు వేసేవారిలో చాలామంది దీన్ని గమనించరు. పచ్చరాతి (జేడ్) వస్తువుల్లో జహంగీరు, నూర్జహాన్ పేర్లతో చెప్పే బాకులు, ఢిల్లీ సుల్తాను ఇల్తుత్‌మిష్ పేరు చెక్కిన పుస్తక పీఠం ఉన్నాయి. చరిత్ర ఇష్టమైన పిల్లలకు తప్పక చూపించవలసినవి అవి.

పన్నెండు కావస్తుండగా గడియారం దగ్గరకు చేరుకున్నాం. ప్రతి గంటకూ కొద్ది నిమిషాల ముందు, కలకత్తా గడియారాల సంస్థ కుక్ అండ్ కెల్వీ వారి ఆ గడియారంలో తలుపు తెరుచుకుని గడ్డం ఉన్న చిన్న బొమ్మ మనిషి బయటకు వస్తాడు, సమయానికి గంట మోగించి లోపలికి వెళ్లిపోతాడు. మరో పక్క సుత్తి పట్టిన కమ్మరి బొమ్మ క్షణాలు లెక్కపెడుతున్నట్టు కొడుతూనే ఉంటుంది. పన్నెండు గంటలకు ఎక్కువ దెబ్బలు వినవచ్చు కాబట్టి జనం ముందుగానే వచ్చి వరుసల్లో కూర్చుంటారు. మా పక్కన ఉర్దూ, ఎదుట మరాఠీ, వెనక బడిపిల్లల తెలుగు వినిపించాయి. గంట దగ్గరపడేకొద్దీ అన్ని భాషలూ తగ్గిపోయాయి. తొలి దెబ్బ పడగానే అత్తయ్య నా చేయి వదిలేసి, బొటనవేలితో కణుపులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. పన్నెండో కణుపు దగ్గర ఆగింది. ఆ హాల్లో ఎవరి వివరణా అవసరం లేకుండా, అందరితో సమానంగా ఆమె పొందిన ఆనందం అది ఒక్కటే. నేను ముఖ్యంగా చెప్పదలచినది కూడా ఇదే. కంటికి మాత్రమే కాక చెవికి, చేతికి అందే వస్తువు ఒక్కటైనా ప్రతి గదిలో ఉండాలి.

అది అసాధ్యమేమీ కాదు. ఢిల్లీలోని జాతీయ మ్యూజియం 2015లో 'అనుభవ్' పేరుతో ఒక ప్రత్యేక గది తెరిచింది. అక్కడ తమ సేకరణలోని కళాఖండాలకు చేసిన నకళ్లను సందర్శకులు చేతులతో తడిమి తెలుసుకోవచ్చు, బ్రెయిలీ వివరణలు, ఆడియో వివరణలు ఉంటాయి. దానికి పూర్తి భిన్నమైన అనుభవం కూడా మాకు ఉంది. కొన్నేళ్ల కిందట వేరొక ఊరి మ్యూజియంలో, వస్తువులకు తగులుతుందని అత్తయ్య చేతికర్రను గుమ్మం దగ్గరే తీసుకున్నారు. ఆ తర్వాత ఆమె ఎక్కడికి రమ్మన్నా రానని మొండికేసేది. సాలార్‌జంగ్ మ్యూజియం ఏటా జరిపే బాలల వారోత్సవాల్లోనూ, జనవరి మ్యూజియం వారోత్సవంలోనూ, మే 18 అంతర్జాతీయ మ్యూజియం దినోత్సవం నాడూ చూపు లేనివారికి, వినికిడి లేనివారికి, వృద్ధులకు ప్రత్యేకంగా కొన్ని గంటలు కేటాయించి, పోచంపల్లి నేతవారినో బీదరు పనివారినో పిలిపించి, ఆ పని చేతికి అందేలా చూపిస్తే ఎంతో మేలు జరుగుతుంది. ఆ పని తెలిసినవారు ఇక్కడికి మూడు గంటల ప్రయాణ దూరంలోనే ఉన్నారు.

శుక్రవారం సెలవు. మిగతా రోజుల్లో ఉదయం తెరిచిన వెంటనే వెళ్లి, రద్దీ పెరగకముందే రెబెకాను చూసి, పదకొండున్నరకల్లా గడియారం ఎదుట చోటు చూసుకోవడం మంచిది. మా అత్తయ్య వచ్చే నెల పోచంపల్లి నుంచి తన ఈడువారిని ముగ్గురిని వెంటబెట్టుకు వస్తానంటోంది, బిద్రీ డబ్బా మరిచిపోకుండా తెమ్మని నాకు ఇప్పటికే రెండుసార్లు ఫోను చేసింది.