పినో బియాంకో, కెర్నర్, పినో గ్రీజో: ఆల్ప్స్ కొండల డ్రై వైట్ వైన్‌లో ఏది మేలు?

ఇటలీకి ఉత్తరం కొసన, ఆస్ట్రియా సరిహద్దుని ఆనుకుని ఉన్న ఆల్తో ఆదిజె ప్రాంతపు వైట్ వైన్ అనగానే చాలామంది పినో గ్రీజో పేరే చెప్తారు. పైన చెప్పిన మూడూ ద్రాక్ష రకాల పేర్లు, వాటితో తీసే వైన్‌నీ అవే పేర్లతో పిలుస్తారు, ఇక డ్రై అంటే తీపి దాదాపు లేనిదని. నేనైతే పినో బియాంకో కొనమంటాను. వాసనలు గుప్పుమనే వైన్ ఇష్టమైతే కెర్నర్. పినో గ్రీజోకి నేనిచ్చేది మూడో స్థానమే. అది చెడ్డదని కాదు, కొండల దాకా వెళ్ళి తెచ్చుకోవాల్సింది అందులో తక్కువని.

ముందు ఆ ప్రాంతం గురించి ఒక మాట. చల్లని కొండ ప్రాంతం కదా, ఎప్పుడూ వణికిస్తూ ఉంటుందనుకుంటాం, కానీ అక్కడి ముఖ్య పట్టణం బోల్జానో కొండల మధ్య లోతైన లోయలో ఉండటంతో వేసవి పగళ్ళు బాగా కాస్తాయి. ఉత్తరపు చలిగాలిని ఆల్ప్స్ అడ్డుకుంటాయి, మధ్యాహ్నం అయ్యేసరికి దక్షిణాన గార్డా సరస్సు వైపు నుంచి ఓరా అనే గాలి లోయలోకి వీచి ద్రాక్ష గుత్తుల్లో తడిని ఆరబెడుతుంది, ఇక చీకటి పడగానే కొండల మీద నుంచి చల్లగాలి దిగి ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. అసలు విషయం ఈ రాత్రి చలిలోనే ఉంది. పగటి ఎండకి పండులో చక్కెర చేరుతుంది, రాత్రి కూడా వేడిగా ఉంటే పండు తన పులుపుని తనే ఖర్చు చేసుకుంటుంది, చల్లగా ఉంటే ఆ పులుపు మిగిలిపోతుంది. అందుకే ఇక్కడి వైన్‌లో ఆల్కహాల్ 13.5 శాతం ఉన్నా నోట్లో బరువుగా అనిపించదు. తోటలు సుమారు 200 మీటర్ల ఎత్తు నుంచి 1,000 మీటర్ల దాకా ఉంటాయి కాబట్టి ఏ రకం ద్రాక్ష అన్నదే కాదు, ఏ ఎత్తులో పండింది అన్నది కూడా చూడాలి.

పినో గ్రీజో సంగతి త్వరగా ముగిస్తాను. ఈ ద్రాక్ష తొక్క బూడిద, గులాబి కలిసిన రంగులో ఉంటుంది. 1961లో సాంతా మార్గరీతా సంస్థ ఇక్కడి పినో గ్రీజోని తొక్కలు కలవకుండా తెల్లటి వైన్‌గా తీయడంతో దీని దశ తిరిగింది, తర్వాత ప్రపంచమంతా అదే ఫ్యాషన్ అయింది, మైదానాల్లో కూడా విపరీతంగా వేసి రుచీ వాసనా పెద్దగా లేని వైన్ బోలెడంత తీశారు. దానితో పోలిస్తే ఆల్తో ఆదిజెది చాలా నయం, బేరిపండు రుచి తెలుస్తుంది, కాస్త ఒడ్డూ పొడుగూ ఉంటుంది. కానీ ఈ ద్రాక్షకి చక్కెర త్వరగా ఎక్కుతుంది, పులుపు త్వరగా దిగుతుంది. లోయ అడుగున వెచ్చటి తోటలో, కోత నాలుగు రోజులు ఆలస్యమైతే చాలు, వైన్ మెత్తబడిపోతుంది. కొండ వైన్‌లో మనం వెతికేది ఆ పులుపునే కదా!

పినో బియాంకోని అక్కడి జర్మన్ మాట్లాడేవాళ్ళు వైస్‌బుర్గుండర్ అంటారు. మొదటి గుక్కలో ఇది మిమ్మల్ని ఆకట్టుకోకపోవచ్చు, ఆపిల్, తెల్లపూలు, కాస్త బాదం, అంతే, గ్లాసులో ముక్కు పెడితే హడావుడి ఏమీ ఉండదు. రెండో గుక్క, మూడో గుక్కకి అర్థమవుతుంది, రుచి నాలుక మధ్యలో నిలబడి ఉంటుంది, పులుపు కోయదు, మింగాక కూడా చాలాసేపు వదలదు. వాసన తక్కువ కాబట్టి బోరు అని తీసిపారేసేవాళ్ళతో నాకు పేచీ ఉంది, ఎందుకంటే ఈ వైన్ అసలు బలం నిలవలో బయటపడుతుంది. టెర్లానో ఊళ్ళో 1893లో రైతులు కలిసి పెట్టుకున్న సహకార సంఘం ఉంది, వాళ్ళ తోటల కింద ఉన్నది అగ్నిపర్వతాల నాటి ఎర్రటి పోర్ఫిరీ రాయి. వాళ్ళు ఫోర్‌బెర్గ్ అనే పినో బియాంకోని పెద్ద చెక్క పీపాల్లో మాగబెడతారు, ఇంకో రకాన్ని అయితే అడుగున చేరిన ఈస్ట్ మడ్డి మీదే స్టీల్ ట్యాంకులో పదేళ్ళకు పైగా ఉంచి అప్పుడు సీసాల్లోకి దింపుతారు. వైట్ వైన్ అంటే ఏడాదిలోపు తాగేయాలి అన్న నమ్మకం ఉన్నవాళ్ళకి ఇది చూపించాలి.

ఇక కెర్నర్. ఇది పాత ద్రాక్ష కాదు, 1929లో జర్మనీలో ఆగుస్ట్ హెరోల్డ్ అనే ఆయన ట్రోలింగర్ అనే ఎర్ర ద్రాక్షనీ రీస్‌లింగ్ అనే తెల్ల ద్రాక్షనీ కలిపి పుట్టించాడు. ఆ ట్రోలింగర్ ఇంకెవరో కాదు, ఆల్తో ఆదిజెలో స్కియావా పేరుతో ఎర్ర వైన్‌కి ఎన్నో తరాలుగా పండిస్తున్న ద్రాక్షే, కాబట్టి తల్లిదండ్రుల్లో ఒకరి ఊరికే వచ్చి స్థిరపడినట్టు లెక్క. దీనికి అసలు చోటు బ్రెస్సనోనే దగ్గరి ఇసార్కో లోయ, ఇటలీలో ద్రాక్ష పండే చోట్లలో అన్నిటికన్నా ఉత్తరాన ఉన్నవాటిలో ఒకటి. 1142లో మొదలైన నొవాచెల్లా మఠం ఇప్పటికీ అక్కడ కెర్నర్ తీస్తోంది. పీచు, నారింజ తొక్క, లేతగా జాజికాయ, రీస్‌లింగ్ నుంచి వచ్చిన చురుకైన పులుపు, అన్నీ గ్లాసు ఎత్తగానే తెలిసిపోతాయి. వైన్ గురించి పెద్దగా తెలియనివాళ్ళకి ఈ మూడూ పోసి ఇస్తే ఎక్కువమంది కెర్నర్‌నే మెచ్చుకుంటారని నా నమ్మకం.

మరి కెర్నర్‌కి మొదటి స్థానం ఎందుకివ్వలేదు అంటే, భోజనం దగ్గర. మొదటి గ్లాసు అద్భుతం, కానీ ఆ వాసనలు పళ్ళెంలో ఉన్నదాన్ని పక్కకి నెట్టేస్తాయి. పొగబెట్టిన స్పెక్ మాంసమో, వెన్న వేసిన రొట్టె ఉండలో, వసంతంలో టెర్లానో చుట్టుపక్కల పండే తెల్ల ఆస్పరాగసో, ఆ ప్రాంతం వాళ్ళు తినే దేనితోనైనా పినో బియాంకో సర్దుకుపోతుంది, సీసా అయిపోయేదాకా విసుగు రాదు. కెర్నర్‌ని భోజనానికి ముందు విడిగా తాగితేనే దానికి న్యాయం జరుగుతుంది. ఇంకో సంగతి, పులుపుకి సరితూగాలని కొందరు కెర్నర్‌లో కొద్దిగా చక్కెర మిగలనిస్తారు. యూరప్ నియమాల్లో డ్రై అంటే మామూలుగా లీటరుకి 4 గ్రాముల లోపు చక్కెర, పులుపు తగినంత ఉంటే 9 గ్రాముల దాకా కూడా ఒప్పుకుంటారు, కాబట్టి డ్రై కెర్నర్‌లో సన్నటి తీపి తగిలితే కంగారు పడకండి. చుక్క తీపి కూడా వద్దనుకునేవాళ్ళు పినో బియాంకో వైపే వెళ్ళండి.

కొనేటప్పుడు లేబుల్ మీద పేర్లు రెండు భాషల్లో ఉంటాయని గుర్తుంచుకోండి, ఈ ప్రాంతం మొదటి ప్రపంచ యుద్ధం దాకా ఆస్ట్రియా చేతిలో ఉండేది, అందుకే ఆల్తో ఆదిజె అన్నా సూడ్‌టిరోల్ అన్నా ఒకటే. తోట ఎత్తు ఎక్కడైనా రాసి ఉంటే చూడండి, నేను పినో బియాంకోకి 500 మీటర్లు, కెర్నర్‌కి 600 మీటర్లు దాటినవే ఏరుకుంటాను. పినో గ్రీజోనే కావాలంటారా, అప్పుడు కూడా ఎత్తయిన తోటదే తీసుకోండి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లోంచి తీసి వెంటనే పోయకండి, కెర్నర్‌కి 8 నుంచి 10 డిగ్రీలు బాగుంటుంది, పినో బియాంకోకి 10 నుంచి 12. మరీ చల్లగా ఉంటే పినో బియాంకో అసలు నోరే విప్పదు, ఓ పదిహేను ఇరవై నిమిషాలు బయట పెట్టి అప్పుడు తాగండి.