సాలీడు వేటను దగ్గరగా చూపిన క్లిప్ లెన్స్

మొబైల్ కెమెరాకు తగిలించుకునే, చిన్నవాటిని దగ్గరగా పెద్దవిగా చూపే ఈ మాక్రో లెన్స్‌ను 650 రూపాయలకు కొని, నెల రోజులుగా పెరటి మందార మొక్కపై తిరిగే గెంతే సాలీడును పరిశీలిస్తున్నాను. వల పన్ని ఎదురుచూడకుండా, ముందున్న రెండు పెద్ద కళ్లతో ఈగ ఎంత దూరంలో ఉందో అంచనా వేసుకుని, ఆకుకు పట్టుదారం అతికించి, కాళ్లలోకి శరీరద్రవాన్ని ఒత్తిడితో పంపి అది ఒక్కసారిగా దూకుతుంది. ముందు వరుసలోని 4 కళ్లూ, దూకినప్పుడు వెంట సాగే సన్నని దారమూ ఈ లెన్స్‌లో స్పష్టంగా కనిపించాయి. అంత చిన్న ప్రాణిలో అంతటి ఏకాగ్రత నన్ను నిజంగా కదిలించింది. పక్క కొమ్మల మధ్య వల అల్లిన ఆర్జియోప్ సాలీడు మాత్రం చిక్కిన మిడతను ముందు దారంతో చుట్టి, ఆ తర్వాతే కాటు వేసింది. చిత్రం అంచులు మసకబారడం, బాగా దగ్గరికి వెళితే గానీ ఫోకస్ కుదరకపోవడం ఈ లెన్స్ లోపాలు. క్లిప్ పట్టు గట్టిగానే ఉంది.