మండల సమాఖ్య సాంఘిక కార్యాచరణ కమిటీ: ఇంటి గొడవతో వెళితే ఏం దొరుకుతుంది?

డ్వాక్రా సంఘం అనగానే పొదుపు, బ్యాంకు లింకేజీ, నెలవారీ వాయిదా గుర్తుకొస్తాయి. అదే వ్యవస్థలో సాంఘిక కార్యాచరణ కమిటీ అనే సేవ కూడా ఉందని, భార్యాభర్తల తగాదాలు, బాల్యవివాహాలు, తాగుడుతో చితికిన కాపురాల వ్యవహారాలు సంఘాల మహిళలే కూర్చుని వింటారని సభ్యులలోనే కొందరికి తెలియదు. మా బంధువుల అమ్మాయి విషయమై ఆంధ్రప్రదేశ్‌లోని ఒక మండలంలో ఆ కమిటీ దగ్గరకు వెళ్ళి, వారి పనితీరును దగ్గరగా చూశాను కనుక ఈ సమీక్ష రాస్తున్నాను. మండలం పేరు, అమ్మాయి వివరాలు ఇవ్వడం సబబు కాదు.

ఈ పని సంఘాలకు ఎవరో పైనుంచి అంటగట్టినది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మ, ఆమె తోటి మహిళలు సారా అమ్మకాన్ని అడ్డుకోగా మొదలైన కదలిక రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చేదాకా సాగింది. ఆ జిల్లాలోనే ఆ ఊపులో పొదుపు ఉద్యమం బలపడింది. 2000లో ఏర్పడిన గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ ఈ సంఘాలను గ్రామ సంఘాలుగా, మండల సమాఖ్యలుగా కూర్చిన తరువాత సాంఘిక సమస్యలకు విడిగా కమిటీలు వచ్చాయి. అంటే అప్పుల లెక్కల కంటే ఇంటి గోడు వినడమే ఈ మహిళలకు పాత విద్య.

ఇక సేవ సంగతి. రుసుము లేదు. ఫిర్యాదును గ్రామ సంఘం ద్వారా పంపితే కమిటీ రెండు వైపులవారికీ కబురు పెట్టి, వెలుగు కార్యాలయంలో (మండలంలో ఆ పేదరిక నిర్మూలన సంస్థ కార్యాలయాన్ని అలా పిలుస్తారు) ఒక రోజు కూర్చోబెడుతుంది. మా వ్యవహారంలో అబ్బాయి తరఫున వచ్చిన పెద్దమనుషులు ఊరి పంచాయితీలో మాట్లాడినట్టే గొంతు పెంచి పరువు, మర్యాద అంటూ మొదలుపెట్టారు. కమిటీలో పెద్దావిడ వారిని కాసేపు మాట్లాడనిచ్చి, ఆ తరువాత అత్తగారి వైపు తిరిగి, "కోడలి కూలి డబ్బులు ఎవరి చేతికొస్తున్నాయమ్మా?" అని ఒకే ప్రశ్న వేసింది. గదిలో మాట ఆగిపోయింది. అప్పటిదాకా 'అమ్మాయి తలబిరుసు' అన్న పేరుతో నడిచిన తగాదా అసలు రూపం ఆ ప్రశ్నతో బయటపడింది. ఏ ఇంట్లో కూలి ఎంత వస్తుందో, అది బెల్టుషాపుకు ఎంత పోతుందో తెలిసినవారు మాత్రమే అడగగల ప్రశ్న అది.

కుదిరిన ఒప్పందాన్ని మినిట్స్ పుస్తకంలో రాసి, ఇరువైపులా సంతకాలు తీసుకున్నారు. భర్త ప్రతినెలా కొంత సొమ్ము భార్య పొదుపు ఖాతాలో వేయాలన్నది అందులో ముఖ్యమైన షరతు. ఆ సొమ్ము పడిందో లేదో సంఘం నెలసరి సమావేశంలో పాసుపుస్తకం తెరిచి చూస్తారు. పడకపోతే కమిటీకి వెంటనే తెలుస్తుంది. నా దృష్టిలో ఈ సేవలో అన్నిటికంటే విలువైనది ఇదే. అయితే అత్తగారు కూడా సంఘ సభ్యురాలే కనుక ఆమెకు రాబోయే రుణం గురించి ఎవరో చూచాయగా గుర్తుచేయడం నాకు నచ్చలేదు. ఫలితం ఇచ్చే మాటే కావచ్చు గాని, అప్పుకూ కాపురానికీ ముడిపెట్టే అలవాటు రేపు బాధితురాలి మీదకే తిరగవచ్చు.

బాల్యవివాహాల విషయంలో కమిటీకి నిస్సందేహంగా మంచి మార్కులు వేస్తాను. లగ్నపత్రిక రాయించకముందే వారికి ఉప్పు అందుతుంది. బడి రికార్డులో పుట్టిన తేదీ చూసి, మాట వినకపోతే పిల్లల సహాయవాణి 1098కి గాని, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ అధికారులకు గాని చెబుతారు.

లోటు ఎక్కడుందంటే, దెబ్బల విషయంలో. ఒంటిమీద వాతలతో వచ్చిన మనిషికి కూడా మొదట వినిపించేది "పిల్లల మొహం చూసి సర్దుకో" అన్న మాటే. కాపురం నిలబెట్టడాన్ని విజయంగా లెక్కించే చోట ఈ మొగ్గు తప్పదేమో గాని, 2005 నాటి గృహహింస చట్టం కింద రక్షణ అధికారి ఉంటారని, మెజిస్ట్రేటు రక్షణ ఉత్తర్వు ఇవ్వగలరని, ఇంట్లోంచి వెళ్ళగొట్టకుండా నివాస ఉత్తర్వు కూడా పొందవచ్చని మా అమ్మాయికి అక్కడ ఎవరూ చెప్పలేదు. విడిగా గది లేకపోవడం మరొక ఇబ్బంది. రుణ దరఖాస్తులతో వచ్చినవారు వరండాలో కూర్చుని అన్నీ వింటుంటారు. చెప్పుకోవలసిన మాటల్లో సగం గొంతులోనే ఉండిపోతాయి. కమిటీ సభ్యులు మాత్రం ఆ పూట కూలి వదులుకుని వచ్చినవారు, కాబట్టి ఆలస్యాలకు వారిని తప్పుపట్టను.

భరణం, తాగుడు, విడిగా ఉంటున్న భర్త ఖర్చులకు ఇవ్వకపోవడం వంటి వాటికి పోలీస్ స్టేషన్ కంటే ముందు ఇక్కడికే వెళ్ళమంటాను. కొట్టడం, చంపుతానని బెదిరించడం ఉంటే మాత్రం అత్యవసర నంబరు 112కి గాని, మహిళల సహాయవాణి 181కి గాని ఫోన్ చేసి, జిల్లాలో హింసకు గురైన మహిళలకు సాయం చేసే సఖి కేంద్రానికి వెళ్ళాలి. కమిటీని వెంట రమ్మనవచ్చు, కాని తీర్పు వారికి వదలకూడదు. ఇంకొకటి, మినిట్స్ పుస్తకంలోని ఒప్పందానికి చట్టబలం ఉండదు. అదే రాజీని న్యాయసేవాధికార సంస్థ ద్వారా లోక్ అదాలత్‌లో నమోదు చేయిస్తే సివిల్ కోర్టు డిక్రీతో సమానమవుతుంది, మహిళలకు అక్కడ ఆదాయంతో నిమిత్తం లేకుండా న్యాయ సహాయం ఉచితం. మేము ఆ పని ఆలస్యంగా మొదలుపెట్టాము. ఒప్పందం రాసిన రోజునే దాని నకలు అడిగి తీసుకోండి, అడగనిదే ఇవ్వరు.