హార్వర్డ్ ఎక్స్‌టెన్షన్ స్కూల్ ప్రీమెడ్ కోర్సులు: ఎవరికి పనికొస్తాయి?

డిగ్రీ అయ్యాక జీపీఏ (4కి లెక్కించే గ్రేడ్ల సగటు) సరిచేసుకుని అమెరికా మెడికల్ స్కూళ్లకు అప్లై చేయాలనుకునేవారికి ఈ ప్రీమెడ్ కోర్సులు, అంటే మెడిసిన్‌కు ముందు చదవాల్సిన సైన్స్ కోర్సులు, మంచి దారి. ఓపెన్ ఎన్‌రోల్‌మెంట్ కాబట్టి పాత మార్కులు చూసి ఆపరు. క్లాసులు ఎక్కువగా సాయంత్రాలే, ఉద్యోగం చేసుకుంటూ చదవొచ్చు.

రిజిస్ట్రేషన్ దగ్గరే చాలామంది పొరపాటు పడతారు. కొన్ని కోర్సులకు అండర్‌గ్రాడ్యుయేట్, గ్రాడ్యుయేట్ క్రెడిట్ రెండూ ఉంటాయి. అండర్‌గ్రాడ్యుయేటే ఎంచుకోండి, ఫీజు కూడా తక్కువ. గ్రాడ్యుయేట్ మార్కులను ఏఎంకాస్ (అమెరికా మెడికల్ స్కూళ్లకు ఉమ్మడిగా అప్లై చేసే వ్యవస్థ) విడిగా లెక్కిస్తుంది, పాత జీపీఏ అంగుళం కూడా కదలదు.

ముందు లెక్క వేసుకోండి. 120 క్రెడిట్లకు 3.1 ఉంటే, ఇంకో 30 క్రెడిట్లలో అన్నీ ఏ గ్రేడ్లు వచ్చినా మొత్తం 3.28 దగ్గరే ఆగుతుంది. సైన్స్ జీపీఏ మాత్రం బాగా లేస్తుంది: 60 క్రెడిట్లకు 2.9 ఉన్నది 3.27 అవుతుంది. ఫెయిలైన సబ్జెక్టు మళ్లీ రాసినా పాత గ్రేడు పోదు, ఏఎంకాస్ రెండూ కలుపుతుంది.

మొదటి సెమిస్టర్‌లోనే ఆర్గానిక్ కెమిస్ట్రీ, ఫిజిక్స్ కలిపి తీసుకోకండి. ఉద్యోగం ఉంటే రెండు ల్యాబులు మోయడం కష్టం, ఇక్కడ బి వస్తే వచ్చిన పనే పాడవుతుంది.

ఇండియాలో బీఎస్సీ, బీటెక్ చేసి వచ్చిన మనవాళ్లకు ఇది మరీ ఉపయోగం. విదేశీ మార్కులను ఏఎంకాస్ జీపీఏలో కలపదు, చాలా స్కూళ్లు అమెరికాలో చేసిన సైన్స్ కోర్సులే అడుగుతాయి.