యూవీ పెట్టి రెండేళ్లు: ఒక బకెట్, ఒక స్టాప్‌వాచ్

మా ట్యాంకు నాలుగడుగులది. ఇసుకా రాళ్లూ పోను 220 లీటర్ల నీళ్లు, ఆరు గోల్డ్‌ఫిష్‌లు. దాన్ని కిటికీ పక్కన పెట్టడం నా తప్పే. రెండేళ్ల కిందట ఎండాకాలంలో నీళ్లు పాలకూర ఉడికించినట్టు పచ్చబడ్డాయి. అప్పుడు 11 వాట్ల యూవీ కొన్నాను, అంటే పంపు తోసే నీళ్లని అతినీలలోహిత బల్బు ముందు నుంచి పంపి, నీళ్లలో తేలే పాచిని చంపే యంత్రం. ఐదో రోజుకి ట్యాంకు వెనక గోడ కనిపించింది. అద్దానికి అంటుకున్న పాచి మాత్రం అలాగే ఉంది. నీళ్లతో పాటు లైటు ముందుకు వచ్చినదాన్నే యూవీ చంపగలదు, కాబట్టి గోకే పని తప్పలేదు.

యూవీ డబ్బా మీద రెండు అంకెలున్నాయి. పచ్చనీళ్లకైతే గంటకు 800 లీటర్ల లోపు, ప్రోటోజోవాకైతే (చేపలకి పట్టే ఏకకణ పరాన్నజీవుల్లాంటివి) 400 లోపు నీళ్లు పంపాలట. నీళ్లు లైటు ముందు ఎంతసేపు ఉంటే అంత దెబ్బ. ప్రవాహం సగానికి తగ్గిస్తే మోతాదు రెట్టింపు. నా పంపు డబ్బా మీదేమో 1,200 అని ఉంది! ఎక్కువైపోతుందేమోనని టెన్షన్ పడి కొలవడం మొదలుపెట్టాను.

ముందు ఆర్డుయినోకి (చిన్న ప్రోగ్రామింగ్ బోర్డు) పెట్టే, ప్రవాహం కొలిచే చిన్న చక్రం సెన్సర్, వైఎఫ్-ఎస్201 తెచ్చాను. నెల తిరక్కుండానే చక్రంలో పాచి ఇరుక్కుంది. పైగా ఆ సన్నటి దారి వల్ల ప్రవాహమే తగ్గింది. తీసి పక్కన పడేశాను.

ఇక మిగిలింది బకెట్. లోపల వేసి ఉన్న గీతల్ని నమ్మలేదు. ఖాళీ బకెట్‌ని లగేజీ తూకానికి తగిలించి, దాని బరువు తీసేసి, సరిగ్గా 10 కిలోల నీళ్లకి, అంటే 10 లీటర్లకి, మార్కర్‌తో గీత పెట్టాను. ఆ గీత దాకా నిండటానికి పట్టిన సెకన్లతో 36,000ని (10 లీటర్లు × గంటలోని 3,600 సెకన్లు) భాగిస్తే గంటకు ఎన్ని లీటర్లో వస్తుంది. కొలిచిన నీళ్లు మళ్లీ ట్యాంకులోకే పోతాయి.

మొదటిసారి బకెట్ నేల మీద పెట్టి, యూవీ నుంచి నీళ్లని తిరిగి ట్యాంకులోకి తెచ్చే పైపు కిందికి వదిలాను. 44 సెకన్లు, అంటే 818. గుండె ఝల్లుమంది. తర్వాత వెలిగింది: పైపు మూతి కిందికి దించితే సైఫన్ కూడా (కిందికి జారే నీళ్ల బరువు) లాగుతుంది, నీళ్లు ఊరికే ఎక్కువొస్తాయి. బకెట్ ఎక్కడున్నా ఫర్వాలేదు, పైపు మూతి మాత్రం ట్యాంకు నీటి మట్టం దగ్గరే ఉండాలి. స్టూలు మీద బకెట్ పెట్టి మళ్లీ కొలిస్తే 58 సెకన్లు, 620. పంపు డబ్బా మీది అంకెలో దాదాపు సగం. ఎత్తు, పైపు వంపులు, మురికి వడగట్టే స్పాంజ్ కలిసి అంత తినేస్తాయి.

కొత్త చేపలతో తెల్లమచ్చ రోగం (ఒక పరాన్నజీవి వల్ల ఒంటి మీద తెల్లటి చుక్కలు) వచ్చినప్పుడు వాల్వు తిప్పి 90 సెకన్లకు, అంటే 400కి తెచ్చాను. దాంతో చేప ఒంటి మీది మచ్చలు పోవు, నీళ్లలో ఈదే దశలో ఉన్న పరాన్నజీవులు మాత్రం తగ్గుతాయి. మందు వేసిన రోజుల్లో యూవీ ఆపేశాను, కొన్ని మందుల్ని అది విరగ్గొడుతుంది.

పద్నాలుగో నెలలో నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. షాపతన్ని అడిగితే, "లైటు వెలుగుతోందిగా అన్నా, బల్బు బాగానే ఉంది. పంపు మార్చు" అన్నాడు. కొలిస్తే 85 సెకన్లు, 423. నిజమే, తగ్గింది. కానీ ఆ లెక్కన కూడా గంటకు ట్యాంకంత నీరు రెండుసార్లు తిరుగుతోంది, పైగా లైటు ముందు ఇంకాసేపు ఉంటోంది. పచ్చబడటానికి కారణం పంపు కాదన్నమాట. ప్లగ్గు పీకి విప్పితే, బల్బు చుట్టూ ఉండే క్వార్ట్జ్ గొట్టానికి మా బోరు నీళ్ల గార తెల్లగా పేరుకుని ఉంది. నిమ్మరసంలో నానబెట్టి తుడిస్తే కొంత తేడా వచ్చింది. బల్బు కూడా మార్చాక వారంలో తేటపడింది. ఈ బల్బులు సాధారణంగా 8,000-9,000 గంటలే సరిగ్గా పనిచేస్తాయి. రోజంతా వెలిగిస్తే ఏడాది. ఆ తర్వాత నీలం వెలుగు ఉంటుంది గానీ, మనకు కనిపించని అసలు కిరణం పలచబడిపోతుంది. వెలుగుతోందో లేదో చూడాలని మూత తీసి తొంగిచూడకండి, కళ్లు దెబ్బతింటాయి.

యంత్రం మీద నా ఫిర్యాదు ఒకటే: క్వార్ట్జ్ గొట్టం తీయాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి, లోపలి రబ్బరు రింగు ప్రతిసారీ జారిపోతుంది. మిగతాదంతా కొన్న ధరకి న్యాయమే.

ట్యాంకు పక్కన టేపు మీద నెలనెలా సెకన్లు రాస్తున్నాను. నిన్న 67. స్పాంజ్ పిండాలి.